కాయిలోవర్లు, బావ స్విఫ్ట్, భానూర్ రోడ్డు

మన కాలేజీ పార్కింగ్‌లో నేలకు అతుక్కుపోయినట్టు ఉండే కార్లు రెండున్నాయి. టైరుకీ పైన ఫెండర్‌కీ మధ్య వేలు కూడా దూరదు. మీలో సగం మంది వాటి పక్కన ఫోటో దిగే ఉంటారు. కారును అట్లా కిందికి దింపేది కాయిలోవర్ అనే సస్పెన్షన్ కిట్. రేసింగ్ ట్రాక్ సంగతి పక్కన పెట్టి, రోజూ డ్యూటీకి పోయే కారుకు, ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకునే కారుకు ఆ కిట్ ఎంచుకోవాలంటే ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను. మెకానికల్ వాళ్లు రాస్తారని మూడు సంచికలు ఎదురుచూశాను. రాయలేదు. అందుకని టాపిక్ ఒక సీఎస్ఈ వాడి చేతిలో పడింది, భరించండి.

నేను ఇదంతా చదవడానికి కారణం మా బావ. అక్కా బావా ఉండేది భానూర్‌లో. యుద్ధ ట్యాంకులను కొట్టే క్షిపణులు తయారుచేసే బీడీఎల్ యూనిట్ ఉన్న ఊరు అదే. బావ డ్యూటీ మాత్రం పాశమైలారంలో, ఒక ప్రైవేట్ కంపెనీలో. అంటే రోజూ భానూర్ నుంచి పటాన్‌చెరు, అక్కడ ముంబై హైవే ఎక్కి ఇస్నాపూర్, అక్కడి నుంచి ఇండస్ట్రియల్ ఏరియా లోపలికి. బండి 2018 మోడల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్, 90 వేల కిలోమీటర్లు దాటింది. ఒక షాపులో కాయిలోవర్ కిట్‌కు ఫిట్టింగ్‌తో కలిపి లక్షా పదివేలు చెప్పారు. బావ బోనస్ డబ్బులు దాదాపు అంతే. అక్కకు ఏడో నెల. నెలనెలా సంగారెడ్డికి చెకప్‌కు పోయేది ఆ కారులోనే. వాదన ఎవరెవరి మధ్య జరిగిందో మీరే ఊహించుకోండి. మధ్యవర్తిగా నన్ను పిలిచారు, "ఇంజనీరింగ్ చదువుతున్నవ్ కదరా" అని.

ముందు అసలు వస్తువేంటో చూద్దాం. కారు బరువును మోసేది స్ప్రింగ్. గుంతలో పడ్డాక ఆ స్ప్రింగ్ ఊగుతూనే ఉండకుండా ఆపేది డ్యాంపర్. దాన్నే మన మెకానిక్‌లు షాకప్సర్ అంటారు. లోపల నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు. నూనె ఆ రంధ్రాల గుండా కష్టపడి పోవాలి కాబట్టి ఊపు చచ్చిపోతుంది. స్విఫ్ట్ లాంటి కార్లకు ముందు పక్క మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అందులో డ్యాంపర్ చుట్టూ స్ప్రింగ్ చుట్టే ఉంటుంది. మరి కొత్తగా కాయిలోవర్ అంటే ఏంటి? కంపెనీ స్ట్రట్‌లో స్ప్రింగ్ కూర్చునే ప్లేటు వెల్డింగ్ చేసి ఉంటుంది, కదలదు. కాయిలోవర్‌లో డ్యాంపర్ బాడీ మీద మరలు ఉంటాయి, ఆ ప్లేటును తిప్పి పైకీ కిందికీ జరపొచ్చు. తేడా ప్రధానంగా అంతే. స్విఫ్ట్ వెనక పక్క టోర్షన్ బీమ్ కాబట్టి అక్కడ స్ప్రింగ్ వేరు, డ్యాంపర్ వేరు. నాలుగు మూలలకు కలిపి కాయిలోవర్ కిట్ అని అమ్మినా, వెనక వచ్చేది విడి స్ప్రింగ్, దానికి ఎత్తు మార్చే ఒక ముక్క, విడి డ్యాంపర్. బావకు ఇది చెబితే "మరి నాలుగిటికీ పైసలు ఎందుకు తీసుకుంటున్రు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

కొనేవాళ్లు మొదట అడిగేది క్లిక్కుల గురించి. ఒకడిది 16 క్లిక్కులు, ఇంకొకడిది 30. డ్యాంపర్ మీద చిన్న నాబ్ ఉంటుంది, తిప్పితే గట్టిపడుతుంది లేదా మెత్తబడుతుంది. 30 పెద్ద సంఖ్య కాబట్టి అదే మేలు అనిపిస్తుంది, ఫోన్ కెమెరా మెగాపిక్సెళ్ల లాగా. ఒకే నాబ్ ఉన్న కిట్లలో చాలావాటికి అది ముఖ్యంగా మార్చేది రీబౌండ్‌ను, అంటే నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి ఎంత వేగంగా తెరుచుకోవాలో దాన్ని. నొక్కుకునే వైపు మీద దాని ప్రభావం తక్కువ. ఈ విషయంలో కేడబ్ల్యూ వాళ్ల పేర్లు ఒక మంచి పాఠం. వేరియంట్ 1లో ఎత్తు మాత్రమే మారుతుంది, డ్యాంపింగ్ ఫ్యాక్టరీలో పెట్టిందే. వేరియంట్ 2లో రీబౌండ్ మారుతుంది. వేరియంట్ 3లో రీబౌండ్, కంప్రెషన్ రెండూ విడివిడిగా. బిల్‌స్టీన్ బీ14లో అసలు నాబే లేదు, ఎత్తు మాత్రమే. దాన్ని ఎవరూ చవక సరుకు అనరు. తెలిసినవాళ్లు ఫ్యాక్టరీలో సరిగ్గా పెట్టిన ఒక సెట్టింగ్, మనం పార్కింగ్‌లో ఊహించి తిప్పే 30 సెట్టింగుల కంటే మేలు అని నా అభిప్రాయం.

రీబౌండ్ బాగా గట్టిగా పెడితే ఇంకో ప్రమాదం ఉంది. వరుసగా గతుకులు వస్తే, మొదటి గతుకుకు నొక్కుకున్న స్ప్రింగ్ పూర్తిగా తెరుచుకునేలోపే రెండోది వస్తుంది, తర్వాత మూడోది. కారు మెల్లగా కిందికి దిగుతూ చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. లోడ్ లారీలు బ్రేకు వేసే చోట తారు అలలు అలలుగా లేచి ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ.

క్లిక్కుల కంటే ముందు అడగాల్సింది స్ప్రింగ్ రేటు. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కేజీలు కావాలి అన్నదే ఆ సంఖ్య. లెక్క తేలిక కోసం అనుకుందాం: స్విఫ్ట్ ముందు పక్క ఒక్కో స్ప్రింగ్ మీద పడే బరువు 270 కేజీలు. మెత్తని స్ప్రింగ్ రేటు 2 అయితే ఆ బరువుకు అది 135 మి.మీ. నొక్కుకుంటుంది. గట్టి స్ప్రింగ్ రేటు 5 అయితే 54 మి.మీ. మాత్రమే. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే, స్ప్రింగ్ మీద బరువు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఈ నొక్కుకున్న కొలత నుంచే వచ్చేస్తుంది. మొదటిదానికి 1.36 హెర్ట్జ్, రెండోదానికి 2.15. ఇళ్లలో వాడే కార్లు మామూలుగా 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 2 దాటితే ట్రాక్ కార్ల సంగతి. మొబైల్‌లో ఐదు లైన్ల పైథాన్ రాసి ఇది బావకు చూపించాను. ఆయన హెర్ట్జ్ అంటే రేడియో అనుకున్నాడు. అక్క మాత్రం తొందరగా పట్టుకుంది: "అంటే నా నడుము సెకనుకు రెండుసార్లు అదురుతదన్నమాట."

"మరి మెత్తని స్ప్రింగ్ పెట్టి, కారు కిందికి దింపుకుంటే సరిపోద్ది కదా?" అని మీకు అనిపించొచ్చు. నాకు ఈ టాపిక్ మొత్తంలో బాగా నచ్చిన ముడి ఇదే. చక్రం పైకి లేవడానికి కొంత జాగా ఉంటుంది. ఆ జాగా అయిపోతే బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క తగులుతుంది, అదీ నలిగిపోతే ధడేల్మని ఇనుముకు ఇనుము. ఆ జాగా 80 మి.మీ. అనుకోండి. రేటు 2 ఉన్న స్ప్రింగ్‌తో అది నిండాలంటే 160 కేజీల అదనపు బరువు పడాలి. కారును 40 మి.మీ. దింపితే మిగిలింది 40. అదే స్ప్రింగ్ అయితే 80 కేజీలకే నిండిపోతుంది. ఒక మోస్తరు స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఒక చక్రం మీద అంత బరువు తేలిగ్గా పడుతుంది. అందుకని దింపిన కారుకు గట్టి స్ప్రింగ్ వేయక తప్పదు. రేటు 5 వేస్తే అదే 40 మి.మీ. నిండడానికి 200 కేజీలు కావాలి. కారు ఎంత దింపితే స్ప్రింగ్ అంత గట్టిపడాలి, స్ప్రింగ్ ఎంత గట్టిపడితే నడుముకు అంత దెబ్బ. అందం కోసం కట్టే ట్యాక్స్ అనుకోండి.

ఈ జాగా సంగతి దగ్గరే రెండు రకాల కిట్ల మధ్య తేడా బయటపడుతుంది. చవక కిట్లలో ఎత్తు మార్చాలంటే స్ప్రింగ్ కూర్చునే ప్లేటును దింపాలి. దింపిన ప్రతి మిల్లీమీటరూ చక్రం పైకి లేచే జాగాలోంచే పోతుంది. కొంచెం ఖరీదైన వాటిలో డ్యాంపర్ బాడీ కింద బ్రాకెట్ కూడా మరల మీదే ఉంటుంది. స్ప్రింగ్‌ను ముట్టుకోకుండా బాడీ పొడవునే తగ్గించొచ్చు. అప్పుడు డ్యాంపర్ లోపల జాగా అలాగే ఉంటుంది, కానీ టైరు పోయి ఫెండర్ లోపల తగలకుండా చూసుకోవాలి. టెయిన్ ఫ్లెక్స్ జెడ్, బీసీ రేసింగ్ బీఆర్ ఈ రెండో రకం. షాపులో "హైట్ అడ్జస్టబుల్" అన్న మాట రెండింటికీ వాడతారు, కాబట్టి ఏ మరతో మారుతుందో వేలు పెట్టి చూపించమని అడగండి.

ప్లేటును పైకి తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుంది అని గ్యారేజీల్లో తరచూ చెబుతారు. లెక్క వేసి చూద్దాం. రేటు 5 ఉన్న స్ప్రింగ్‌ను ముందే 20 మి.మీ. నొక్కి బిగించారనుకోండి, అంటే 100 కేజీల బిగువు. మీద 270 కేజీలు పెడితే మొదటి 100కి అది కదలదు. మిగతా 170కి 34 మి.మీ. నొక్కుకుంటుంది. 20, 34 కలిపితే 54. ముందు వచ్చిన జవాబే. మామూలు లీనియర్ స్ప్రింగ్ గట్టిపడదు, కారు 20 మి.మీ. పైకి లేస్తుంది, అంతే. కానీ చక్రం కిందికి జారే జాగా 54 నుంచి 34కి తగ్గింది. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను పట్టుకోవాలి కదా, ఆ జాగా లేకపోతే టైరు ఒక్క క్షణం గాల్లో ఉంటుంది. వర్షంలో, బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు ఆ ఒక్క క్షణం చాలా ఖరీదు.

ఇప్పుడు మన రోడ్డు. 2018 స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. అది ఖాళీ కారు కొలత. 40 దింపితే 123. ఐదుగురు ఎక్కితే ఇంకో 25, 30 పోతుంది. మిగిలింది తొంభై చిల్లర. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, అడ్డంగా వెడల్పు 3.7 మీటర్లు. ఆ వెడల్పు ఉంటే పొట్ట తగలదు, ఎందుకంటే స్విఫ్ట్ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి చక్రాలు కూడా హంప్ మీదే ఉంటాయి. అసలు సమస్య, ఊళ్లో ఎవరో ఒక రాత్రి సిమెంటుతో కట్టేసిన మూరెడు వెడల్పు దిమ్మె. దానికి రంగూ ఉండదు, బోర్డూ ఉండదు. భానూర్‌లో తయారయ్యే క్షిపణికైనా గురి చూపించే ఏర్పాటు ఉంటుంది, ఈ దిమ్మె చీకట్లో నేరుగా ఛాంబర్ కిందే ప్రత్యక్షమవుతుంది.

"కిందికి దింపితే కారు గట్టిగా కూసుంటదిరా" అన్నాడు బావ.

"కూసుంటది బావా, స్పీడ్ బ్రేకర్ మీదనే కూసుంటది" అన్నాను.

కార్నరింగ్ బాగుంటుంది కదా అని మీరు అడగొచ్చు. కొంతవరకు నిజం. కానీ మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారును మరీ దింపితే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. కారు మలుపులో ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. అది బాడీ బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరిగే బలం కూడా పెరుగుతుంది. చూడ్డానికి రేస్ కారు, ఒరగడంలో ముందుకంటే ఘోరం, దాన్ని మళ్లీ గట్టి స్ప్రింగ్‌తో కప్పెట్టాలి. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు కూడా వంకరగా పనిచేయాల్సి వస్తుంది. మామూలు రోడ్డు కారుకు 15 నుంచి 25 మి.మీ. దింపితే చాలు, అంతకంటే ఎక్కువ ఫోటోల కోసమే అని నా లెక్క.

ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే గట్టి సస్పెన్షన్ ఎంత హాయిగా ఉంటుందో ఒప్పుకోవాలి. షాపువాళ్లు డెమో కారును తిప్పేది కూడా అలాంటి రోడ్డు మీదే. మా భాషలో దాన్ని ఓవర్‌ఫిట్టింగ్ అంటాం. ట్రైనింగ్ డేటా మీద నూటికి నూరు, అసలు పరీక్షలో ఫెయిల్. డెమో అడిగితే మీరు రోజూ తిరిగే రోడ్డు మీదికే తీసుకుపొమ్మనండి, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి.

మేము ఇంకో పరీక్ష చేశాం. దీనికి ఖర్చు రెండు రూపాయలు. డ్యాంపర్ కడ్డీ మీద ఉండే రబ్బరు తొడుగు పైకి జరిపి, కడ్డీకి ఒక జిప్ టై బిగించాలి, మరీ గట్టిగా కాకుండా. కారు నడిపాక ఆ టై ఎక్కడికి జరిగిందో చూస్తే చక్రం ఎంత పైకి లేచిందో తెలిసిపోతుంది. బావ కారుకు తెలిసిన మెకానిక్ దగ్గర ఇది కట్టించి, ఐదుగురం ఎక్కి భానూర్ నుంచి పటాన్‌చెరు దాకా మామూలుగా పోయి వచ్చాం. కారు కంపెనీ ఎత్తులోనే ఉంది, అయినా వెనక టై బంప్ స్టాప్ దాకా పోయి ఆగింది. అంటే ఇప్పటికే జాగా మొత్తం వాడేస్తున్నాం. అందులోంచి 40 మి.మీ. తీసేయడానికి అసలు 40 మి.మీ. లేదు.

మెకానిక్ ఇంకోటి చూపించాడు. ముందు డ్యాంపర్ ఒకదాని మీద నూనె తడి, దానికి మట్టి పట్టుకుని గట్టిపడింది. టాప్ మౌంట్ రబ్బరు పగిలింది, లింక్ రాడ్ లొడలొడలాడుతోంది. బావ "కారు తేలుతోంది, గట్టిగా లేదు" అని ఇన్నాళ్లూ అంటున్నది దీని గురించే. 90 వేల కిలోమీటర్లు ఆ రోడ్డు మీద తిరిగాక కాయిలోవర్ వేసినా తేడా తెలుస్తుంది, కంపెనీ కొత్త షాకప్సర్లు వేసినా తేడా తెలుస్తుంది. పాత అరిగిపోయిన వాటితో పోల్చి కొత్త కిట్‌ను మెచ్చుకోవడం సరైన పోలిక కాదు. బావ నాలుగు కొత్త డ్యాంపర్లు, టాప్ మౌంట్లు, బుష్‌లు, లింక్ రాడ్లు వేయించాడు. స్ప్రింగులు పాతవే. కిట్‌కు చెప్పిన దాంట్లో మూడో వంతు కూడా కాలేదు. మిగిలిన డబ్బు డెలివరీ ఖర్చులకు అక్క తన అకౌంట్‌లోకి వేయించుకుంది. "పిల్లగాడు పుట్టినంక చూద్దాం" అంటున్నాడు బావ, కిట్ ఫోటోలు ఇంకా ఫోన్‌లో ఉన్నాయి.

మీకు వెనక సీట్లో ఎవరూ కూర్చోరు, రోడ్డు మంచిది, డబ్బులున్నాయి, కాయిలోవరే కావాలంటే ఇంకో మూడు నాలుగు సంగతులు. డ్యాంపర్లలో ట్విన్ ట్యూబ్, మోనోట్యూబ్ అని రెండు రకాలు. మోనోట్యూబ్‌లో నూనె, ఒత్తిడితో నింపిన నైట్రోజన్ వేర్వేరుగా ఉంటాయి, వేడిని బాగా వదిలేస్తుంది. కానీ పిస్టన్ నడిచే గొట్టమే బయటి గొట్టం, లారీ టైరు కింద నుంచి ఎగిరిన కంకర రాయికి సొట్ట పడితే పిస్టన్ పట్టేయొచ్చు. ట్విన్ ట్యూబ్‌కు బయట ఇంకో తొడుగు గొట్టం ఉంటుంది. రోజూ వాడే కారుకు, ఈ బెల్ట్‌లో, నేనైతే ట్విన్ ట్యూబ్ వైపే మొగ్గుతాను. టాప్ మౌంట్ రబ్బరుదా, పిల్లో బాల్ అనే ఇనుప బాల్ జాయింటా అని అడగండి. ఇనుపది స్టీరింగ్‌ను కచ్చితంగా చేస్తుంది, దుమ్ము చేరాక టకటకమని శబ్దం కూడా చేస్తుంది. సీల్ పోతే ఒక్క డ్యాంపర్ దొరుకుతుందా, రీబిల్డ్ ఎక్కడ చేస్తారు, ఎన్ని రోజులు పడుతుంది అన్నది కాగితం మీద రాయించుకోండి. స్ప్రింగ్ రేటు ఎంతో చెప్పలేని షాపు నుంచి బయటికి నడవండి.

చట్టం సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ కారు కింద తొంగి చూసినప్పుడు కూడా ఈ ప్రశ్న వస్తుంది. కిట్ కొనేటప్పుడు పాత స్ట్రట్లను తుక్కుకు వేయకండి, మూటగట్టి అటక మీద పెట్టండి.

ఫిట్టింగ్ రోజు దగ్గరుండండి. బుష్‌ల బోల్టులు కారు జాకీ మీద వేలాడుతున్నప్పుడు కాకుండా, చక్రాల మీద బరువు పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. లాక్ రింగులను మార్కర్‌తో గీత పెట్టుకోండి, వదులైతే వెంటనే తెలుస్తుంది. వానాకాలం బురద ఎండిపోతే మరలు పట్టేస్తాయి కాబట్టి అప్పుడప్పుడు కడిగి గ్రీజు పూయాలి. మొదటి వారం తిరిగాక స్ప్రింగులు కొంచెం సర్దుకుంటాయి, అప్పుడు ఎత్తు నాలుగు పక్కలా టేపుతో కొలిచి, ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంట్. ముందు పక్క ఎంత దింపారు, వెనక ఎంత దింపారు అన్నదాన్ని బట్టి హెడ్‌లైట్ల వాలు కూడా మారిపోతుంది. రాత్రి షిఫ్టు వదిలే టైముకు ఇస్నాపూర్ దగ్గర ఎదురుగా వచ్చే బైకుల వాళ్ల కళ్లలో లైటు కొట్టకుండా, గోడ ముందు కారు ఆపి అవి కూడా సరిచేయించుకోండి.